బూడిదపిల్ల ఇనుపకాలు

1

ఇంట్లో ఆ పూట వంట కాలేదని చెప్పడానికి మనవాళ్లు పొయ్యిలో పిల్లి లేవలేదంటారు. గింజలుంటే నిప్పు రాజుతుంది, నిప్పు రాజితే పిల్లి లేస్తుంది. రెండూ లేని ఇంట్లో చల్లారిన బూడిదలో పిల్లి వెచ్చగా నిద్రపోతుంది. ఇటలీలో 1634లో అచ్చయిన బసీలే కథల పుస్తకంలో సవతితల్లి వంటింట్లోకి తోసిన అమ్మాయికి అచ్చం ఇలాంటి పేరే ఉంది. ఆమెను బూడిదపిల్లి అన్నారు. నేపుల్స్ జనానికీ మన జనానికీ పరిచయం లేదు. అయినా లేమి గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఇద్దరికీ అదే పొయ్యి, అదే పిల్లి కనిపించాయి.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరికీ ఆత్మకూరుకూ నడుమనున్న మర్రిపాడు మండలంలో, ఇంటి పొయ్యి కాక మరో పొయ్యి కూడా ఉంది. అది పొగాకు బ్యారన్ పొయ్యి. కోసిన పచ్చి ఆకును కర్రలకు కట్టి బ్యారన్ లోపల వేలాడదీస్తారు. దాదాపు వారం రోజులు రాత్రింబవళ్లు మంట కాచుకుంటూ, వేడిని మెల్లమెల్లగా పెంచుతూ ఆకును పసుపు రంగుకు తేవాలి. ఆకు కట్టే పని ఎక్కువగా ఆడవాళ్లదే. దాని జిగురు చేతులకు నల్లగా పట్టి ఒక పట్టాన వదలదు. ఆ మండలంలోనే డీసీపల్లిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. అక్కడికి చేరిన బేలుకు నంబరుంటుంది, గ్రేడుంటుంది, ధర పలుకుతుంది. ఆకు కట్టిన చేతుల జాడ మాత్రం బేలు మీద కనిపించదు.

జానపద కథ ప్రయాణం కూడా ఈ బేలు ప్రయాణం లాంటిదే. శ్రమచేసేవాళ్ల మధ్య పుట్టిన కథ దర్బారుకూ, అచ్చు యంత్రానికీ, సినిమాకూ, చివరికి వైజ్ఞానిక నవలకూ చేరింది. చేరిన ప్రతిచోటా దానికి కొత్త గ్రేడు పడింది. ఆ ప్రయాణంలో మొదటి చేతులు ఎక్కడ మాయమయ్యాయి, ఎక్కడ మళ్లీ కనిపించాయి అన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

2

మనకు సిండ్రెల్లా పేరుతో తెలిసిన కథకు దొరికిన పాత లిఖిత రూపాల్లో ఒకటి చైనాది. క్రీస్తుశకం తొమ్మిదో శతాబ్దంలో తువాన్ చెంగ్‌షి అనే పండితుడు యె షియన్ అనే అమ్మాయి కథ రాసిపెట్టాడు. సవతితల్లి ఆమెను ప్రమాదమైన చోట్లకు కట్టెలకూ నీళ్లకూ పంపేది. ఆమె ప్రేమగా పెంచుకున్న చేపను చంపి తినేసింది. ఆ చేప ఎముకలే అమ్మాయి కోరికలు తీర్చాయి. ఉత్సవంలో జారిపోయిన బంగారు చెప్పు ఆమెను రాజు దగ్గరికి చేర్చింది. తువాన్ తనకీ కథ ఎవరు చెప్పారో కూడా రాశాడు. ఒకప్పుడు తన ఇంట్లో పనిచేసిన దక్షిణ ప్రాంతపు సేవకుడు చెప్పాడట. పనిమనిషి కథను పనిమనిషే చెప్పాడు, పండితుడు రాసుకున్నాడు. జానపద సాహిత్య చరిత్రలో ఇంత నిజాయితీగా నమోదైన సందర్భాలు అరుదు.

1893లో మేరియన్ కాక్స్ అనే ఆంగ్ల పరిశోధకురాలు ఈ కథకు 345 రూపాలు పోగుచేసి ప్రచురించింది. మన పొరుగు కన్నడంలోనూ ఇది ఉంది. ఎ. కె. రామానుజన్ వెలుగులోకి తెచ్చిన హంచి కథలో అమ్మాయి మట్టితో చేసిన ముసుగు తగిలించుకుని పరాయి ఇంట్లో వంటపనికి కుదురుతుంది. హంచు అంటే మన పెంకే. పెంకు వెనక ముఖం, పొయ్యి ముందు బతుకు.

ఈ కథ ఫ్రాన్సులో 1697లో షార్ల్ పెరో చేతికి వచ్చేసరికి నడక మార్చుకుంది. పెరో పద్నాలుగో లూయీ ప్రభుత్వంలో పనిచేసిన మనిషి. గుమ్మడికాయ రథమూ, దేవత లాంటి పెంపుడు తల్లీ, గాజు చెప్పూ ఆయన చేర్పులే. గాజు చెప్పుతో నీళ్లు మోయలేం, కట్టెలు కొట్టలేం. ఆ చెప్పు తొడిగిన క్షణంలో అమ్మాయి కాలు పనిలోంచి బయటికి వచ్చేసింది. కథ చివర చెప్పిన నీతిలో పెరో ఎన్ని గుణాలున్నా పైనుంచి అండ లేకపోతే పైకి రాలేమన్నాడు. అది దర్బారు నేర్పిన పాఠం. జర్మనీలో గ్రిమ్ సోదరులు అచ్చువేసిన రూపంలో శ్రమ మళ్లీ కనిపిస్తుంది. సవతితల్లి బూడిదలో పప్పుగింజలు పోసి ఏరమంటుంది. సొంత కూతుళ్ల పాదాలు చెప్పులో పట్టకపోతే కొయ్యమని కత్తి ఇస్తుంది. రాణులకు నడక అవసరం లేదన్నదే ఆమె తర్కం. నడవనక్కర్లేని బతుకు కోసం పాదాన్నే కోసుకున్నారు. పాలకవర్గంలోకి ఎక్కాలన్న ఆశ ఎంత ఖరీదైనదో పేరులేని ఏ కథకురాలు చెప్పిందో కాని, పెద్ద విమర్శకులు ఇంతకంటే బాగా చెప్పలేదు.

3

1934లో సోవియట్ రచయితల మొదటి మహాసభలో గోర్కీ జానపద కథల గురించి ముఖ్యమైన మాట చెప్పాడు. ఎగిరే తివాచీలూ, ఒక్క అంగలో కోసుల దూరం దాటించే చెప్పులూ శ్రమచేసే మనిషి తన భారం తగ్గాలని కన్న కలలన్నది ఆయన వాదం. అంటే జానపద కథలోని మాయలో యంత్రం ముందుగానే ఊహగా ఉంది. ఈ లెక్కన వైజ్ఞానిక కల్పన జానపద కథకు శత్రువు కాదు, దాని తోబుట్టువు.

వైజ్ఞానిక కల్పన మాత్రం ఇంకో ప్రశ్న తెచ్చింది. యంత్రం వచ్చాక అది ఎవరి భారం తగ్గిస్తుంది? కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం ప్రపంచానికి రోబో అన్న మాట ఇచ్చింది. చెక్ భాషలో దాని మూలం అర్థం వెట్టి చాకిరీ. తెలంగాణ రైతాంగం 1946 నుంచి 1951 దాకా తిరగబడింది ఈ వెట్టి మీదనే. ఈ కాలపు అత్యాధునిక యంత్రానికి పెట్టుకున్న పేరు భూస్వామ్యపు అతి పాత దోపిడీ పేరు కావడం యాదృచ్ఛికం కాదు.

మరిస్సా మేయర్ అనే అమెరికన్ రచయిత్రి 2012లో వెలువరించిన మొదటి నవల 'సిండర్' ఈ రెండు దారులూ కలిసే చోట నిలబడింది. కౌమార పాఠకుల కోసం రాసిన వైజ్ఞానిక నవల అది. కథ జరిగే నగరం కొత్త బీజింగ్. తెలిసి చేసినా తెలియక చేసినా, బూడిదపిల్ల ఆ విధంగా యె షియన్ దేశానికి తిరిగి వచ్చింది. ఈ సిండర్ అంగడిలో యంత్రాలు బాగుచేసే మెకానిక్కు. ఆమె శరీరంలో వందకు 36.28 పాళ్లు యంత్రమే. ఒక చేయీ ఒక కాలూ లోహంతో చేసినవి. నవల మొదలయ్యేసరికి ఆమె తనకు ఏనాడో చిన్నదైపోయిన ఇనుప పాదాన్ని మరమేకులు విప్పి తీసేస్తూ ఉంటుంది. గాజు చెప్పు స్థానంలో జిడ్డు పట్టిన ఇనుపకాలు వచ్చింది. రాజభవనం మెట్ల మీద ఆమె జారవిడిచేది కూడా ఆ కాలినే. పెరో దాచిపెట్టిన శ్రమను ఈ నవల మూడువందల ఏళ్ల తరవాత మళ్లీ పాదానికి తగిలించింది. అది చిన్న విజయం కాదు.

ఇంకా ముఖ్యమైనది చట్టం. ఆ రాజ్యంలో సగం యంత్రమైన మనుషులు పూర్తి మనుషుల లెక్కలోకి రారు. సిండర్ సంపాదన మీద అధికారం సవతితల్లి ఏడ్రీది. దేశంలో మహమ్మారి ప్రబలుతుంది. మందు కనిపెట్టే ప్రయోగాలకు ఇలాంటి మనుషులను నిర్బంధంగా ఎంపికచేసి తీసుకుపోతుంటారు. ఏడ్రీ తన సంరక్షక హక్కుతో సిండర్‌ను ఆ ప్రయోగశాలకు అప్పగిస్తుంది. కథలోని సవతితల్లి ఇప్పుడు గయ్యాళి ఆడది మాత్రమే కాదు. ఆమె చేతిలో చట్టం ఇచ్చిన సంతకం ఉంది.

ఇదంతా ఎక్కడో భవిష్యత్తులో జరిగే ఊహ అనుకునే వీలు తెలుగు పాఠకులకు లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పరిశీలన పథకం కింద పదినుంచి పద్నాలుగేళ్ల వేల మంది బాలికలకు టీకాలు వేశారు. వాళ్లలో ఆదివాసీ హాస్టళ్ల పిల్లలు చాలామంది. వివాదం చెలరేగాక 2010 ఏప్రిల్‌లో పథకాన్ని ఆపేశారు. టీకా వల్ల మరణాలు సంభవించాయని విచారణలో తేలలేదు. తేలింది వేరే విషయం. తల్లిదండ్రులు చేయవలసిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లూ ప్రధానోపాధ్యాయులూ చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడి చర్చ కాదు. ఆ పిల్ల శరీరం మీద ఎవరి సంతకం చెల్లుతుందన్నదే ప్రశ్న. 'సిండర్' అడిగిందీ అదే. అందుకే ఇది పిల్లల కాలక్షేపం అని పక్కన పెట్టదగిన నవల కాదు.

4

ఇంతవరకూ వచ్చిన నవల చివర వెనకడుగు వేసింది. సిండర్ మెకానిక్కుగా మిగలదు. ఆమె చంద్రలోకపు సింహాసనానికి వారసురాలని, పసితనంలో చంపబోతే తప్పించబడిన రాకుమారి అని తెలుస్తుంది. ఇది జానపద కథను పట్టి పీడించే పాత జబ్బు. పేదవాడి సాహసాన్ని జనం మెచ్చుకుంటారు. ఆ మెప్పు ప్రమాదకరం కాకముందే కథ అతని పుట్టుమచ్చనో మొలతాడునో చూపించి ఇతను మన రాజుగారి బిడ్డేనంటుంది. శ్రమకు దక్కవలసిన గౌరవం రక్తం ఖాతాలో జమ అవుతుంది.

రచయిత్రికి న్యాయం చేయడానికి ఒక మాట చెప్పాలి. 2015లో వచ్చిన 'వింటర్' నవలతో ఈ వరుస ముగిసేటప్పుడు, గద్దె దక్కిన సిండర్ రాచరికాన్నే రద్దుచేసి ప్రజాప్రభుత్వానికి దారి తీయాలని నిర్ణయించుకుంటుంది. రాజరక్తం ఇచ్చిన అధికారంతోనే రాజరికానికి ముగింపు పలకడం! వైరుధ్యం ఉంది, నిజమే. కానీ జానపద కథ ఎప్పుడూ ఆగిపోయే పెళ్లిపందిరి దగ్గర ఆగకుండా ఆ తరవాతి ఉదయం గురించి ఆలోచించింది. ప్రజలు తమంతట తాము గద్దెను కూల్చే ముగింపు మాత్రం దాని ఊహకు అందలేదు.

5

ఇప్పుడు మన వైపు తిరుగుదాం. ఇదే జబ్బు మన మాయకథల్లో ఎలా ఉందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

1951లో వచ్చిన 'పాతాళభైరవి'కి మూలం మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథల్లో ఉంది. అల్లావుద్దీన్ దీపం ఛాయలూ ఉన్నాయి. పింగళి నాగేంద్రరావు రాశాడు, కె. వి. రెడ్డి తీశాడు. కథానాయకుడు తోటరాముడు ఉజ్జయినిలో తోటమాలి కొడుకు. రాకుమారిని ప్రేమిస్తాడు. రాజు తమ అంతస్తుకు తగ్గ సంపద తెమ్మంటాడు. మాంత్రికుణ్ణి జయించి, కోరినదిచ్చే ప్రతిమను సాధించి, ఎన్నో చిక్కులు దాటి ఆమెను పెళ్లాడతాడు. ఇందులో గమనించవలసింది ఒకటుంది. కథ చివరి దాకా తోటరాముడు తోటరాముడే. ఏ పుట్టుమచ్చా బయటపడదు, ఏ రాజూ వచ్చి నా కొడుకే అనడు.

ఆ సినిమా విప్లవ సినిమా కాదు. రాముడికి సంపద ఇచ్చింది మాయాప్రతిమ, శ్రమ కాదు. రాజ్యం రాజ్యంగానే ఉంది. అయినా అది వచ్చిన కాలాన్ని చూడాలి. మద్రాసు శాసనసభ జమీందారీల రద్దు చట్టం చేసింది 1948లో. నెల్లూరు జిల్లాలో వెంకటగిరి జమీ రైతుల ఆందోళన అంతకు ముందే పుంజుకుంది. నెల్లూరు నుంచి మొదలైన పత్రిక పేరే 'జమీన్ రైతు'. 1951 చివర దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు మొదలయ్యాయి, తోటమాలికీ జమీందారుకూ చెరొక ఓటే అన్నారు. అలాంటి గాలిలో ఊపిరి తీసుకున్న ప్రేక్షకుడికి తోటరాముడు రాజుబిడ్డ కానక్కర్లేకపోయింది. అరవై ఏళ్ల తరవాత అమెరికాలో పుట్టిన సిండర్‌కు అవసరమైన రాజరక్తం మన తోటరాముడికి అవసరపడలేదు.

ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణులదే 'చందమామ' కూడా. 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా దాని సంపాదక బాధ్యత మోశాడు. సంపాదకుడిగా ఆయన పేరు అచ్చయ్యేది కాదు. బేలు మీద లేని చేతుల్లో అవీ ఉన్నాయి. సైన్సు వ్యాసాలు రాసినవాడు, 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు అందులో ఉన్నవాడు, నెలనెలా మాంత్రికుల కథలు దిద్దుతూ కూర్చోవడం కొందరికి వింతగా తోచింది. గోర్కీ మాట గుర్తుంటే వింత ఏమీ లేదు. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో మొదలుపెట్టిన 'తోకచుక్క' నుంచి 'శిథిలాలయం', 'రాతిరథం', 'మాయాసరోవరం' మీదుగా సాగిన ధారావాహికలు రెండు తరాల పిల్లలకు ఊహించడం నేర్పాయి. ఇక్కడే మన లోటు కూడా ఉంది. ఆ ఊహను యంత్రయుగంలోకి నడిపించే కౌమార నవల మన వైపునుంచి బలంగా రాలేదు. మాయ మాయగానే ఉండిపోయింది, సైన్సు వ్యాసంగానే ఉండిపోయింది. రెండూ ఒకే కుటుంబరావు బల్ల మీద ఉండి కూడా ఒకే కథలో కలవలేదు.

6

వాటిని కలిపే ప్రయత్నం పుస్తకంలో కంటే తెర మీద ముందు జరిగింది. చేసినవాడు మర్రిపాడు పొరుగున ఉన్న ఉదయగిరిలో 1931లో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు. ఆయన కె. వి. రెడ్డి దగ్గర సహాయ దర్శకుడిగా పనిచేసిన మనిషి. మాయకథ చెప్పే విద్య ఆయనకు నేరుగా అందింది. 1991 జూలై 18న విడుదలైన 'ఆదిత్య 369'లో ఆయన తివాచీ బదులు కాలయంత్రం పెట్టాడు. వెల్స్ 1895 నాటి నవల దానికి స్ఫూర్తి. యంత్రం మనుషులను 1526లో కృష్ణదేవరాయల కొలువుకూ, తరవాత 2504లోని లోకానికీ తీసుకుపోతుంది. ఆ భవిష్యత్తులో యుద్ధం మిగిల్చిన అణుధార్మికతకు భయపడి మనుషులు భూమి అడుగున బతుకుతుంటారు. ఇంటిల్లిపాదీ, ముఖ్యంగా పిల్లలు, కళ్లప్పగించి చూసిన సినిమాలో యుద్ధం గురించి ఆ హెచ్చరిక ఉండటం మెచ్చుకోదగ్గది.

కానీ మనం అడగవలసిన ప్రశ్న ఉంది. కాలయంత్రం ఎక్కడ దిగింది? రాయల దర్బారులో దిగింది. అక్కడ కవులున్నారు, నర్తకి ఉంది, వజ్రం ఉంది. దర్శకుడు పుట్టిన ఉదయగిరికి రాయలతో వేరే పరిచయం ఉంది. గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని ఆయన దాదాపు ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి గుడి కట్టించాడు. ఏడాదిన్నరపాటు కొండ కింద దిగిన సేనకు తిండి ఎవరు పండించారు? వానలు నమ్మలేని ఈ మెట్టలో ఎవరి గాదెలు ఖాళీ అయ్యాయి? యంత్రం పన్నెండేళ్లు ముందుకు, కొన్ని ఆమడలు తూర్పుకు దిగి ఉంటే కథ ఆ పొయ్యిల పక్కనే మొదలయ్యేది. పిల్లి లేవని పొయ్యిలు చాలా కనిపించేవి.

1994లో ఆయనే 'భైరవద్వీపం' తీశాడు. చందమామ పేరునే తగిలించుకున్న నిర్మాణ సంస్థ నుంచి వచ్చిన చక్కని జానపదం అది. కథానాయకుడు అడవిజనం మధ్య పెరుగుతాడు. ప్రేమించినదాని కోసం వికృతరూపాన్ని భరిస్తాడు. చివరికి తేలేదేమిటంటే అతను రాజు కొడుకు! 1951లో తోటమాలి కొడుకుతో సరిపెట్టుకున్న మన మాయకథ 1994కు మళ్లీ రాజరక్తం వెతుక్కుంది. నడుమ ఏం జరిగింది? జమీందారీలు పోయినా భూమి దున్నేవాడికి దక్కలేదు. ఓటు వచ్చినా వారసులే నాయకులయ్యారు. 'ఆదిత్య 369' విడుదలైన ఆరు రోజులకు, 1991 జూలై 24న, పార్లమెంటులో కొత్త ఆర్థిక విధానాల బడ్జెట్టు పెట్టారు. సొంత కష్టంతో పైకి వస్తావన్న మాట అన్నిచోట్లా వినిపించిన ఆ కాలంలోనే, కథల్లో మాత్రం పుట్టుకే మనిషిని గెలిపించింది. ఒక సినిమా కథకు ఇంత బరువు మోపవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. ఒక్క కథకు మోపనక్కర్లేదు. కానీ కథలన్నీ ఒకే వైపు ఒరిగినప్పుడు నేల ఎటు వంగిందో చూడకుండా ఉండలేం.

7

'చందమామ' 2013 నాటికి ఆగిపోయింది. దాదాపు అదే సమయంలో 'సిండర్' వచ్చింది. ఇవాళ కథల మీద ఆకలి ఉన్న మన పిల్లలకు బూడిదపిల్ల ఇంగ్లీషులో, కొత్త బీజింగ్‌లో దొరుకుతుంది. దొరకనివ్వండి, చదవనివ్వండి. ఆ ఇనుపకాలు మన పిల్లలకు కూడా అర్థమవుతుంది. బాధ వేరే ఉంది. బ్యారన్ పొయ్యి దగ్గర ఆకు కట్టి, చేతుల జిగురు వదలకుండానే బడికి పోయే అమ్మాయి తన మీద రాసిన మాయకథ తన భాషలో చదువుకోలేకపోతోంది.

అలాంటి కథ రాయడానికి సరుకు లేదనగలమా? హంచి మట్టి ముసుగుంది. పొయ్యిలో పిల్లి ఉంది. వార్డెన్ సంతకం ఉంది. ఉదయగిరి కొండ ఉంది, కావాలంటే కాలయంత్రం దిగడానికి దాని కింద చోటూ ఉంది. రచయితలు చేయవలసింది రెండు పనులు. యంత్రాన్ని దర్బారులో కాక పొయ్యి దగ్గర దించాలి. చివరి పుటలో ఆ అమ్మాయి పుట్టుమచ్చ కోసం వెతకడం మానేయాలి.

వెయ్యేళ్ల కిందట ఒక పనిమనిషి చెప్పగా ఒక పండితుడు రాసుకున్నాడు. ఈసారి డీసీపల్లి బేలు మీద లేని పేరు పుస్తకం అట్ట మీద కనిపించాలి.